గువాహటి తర్వాత వచ్చిన ఉత్తరాలు

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు దాదాపు అన్నీ ఒకే సంగతి మీద ఉన్నాయి: 2025 నవంబరులో దక్షిణాఫ్రికా మన గడ్డ మీదే మనల్ని రెండు టెస్టుల్లోనూ, మొదట కోల్‌కతాలో, తర్వాత గువాహటిలో, ఓడించిన సంగతి. మామూలుగా మోకాలి నొప్పికి ఏ వ్యాయామం చేయాలి, పిల్లవాడిని ఏ ఆటలో చేర్పించాలి అని అడిగేవాళ్లు కూడా ఈసారి క్రికెట్ గురించే రాశారు. గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం, మా పర్లాకిమిడి, ఎక్కడివాళ్లదైనా ఒకటే బాధ. పర్లాకిమిడిలో 31 ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాణ్ణి. ఆ బాధ నాదీనూ. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నాకు మొబైల్ రిపేరు షాపు ఉంది. గువాహటి టెస్టు చివరి రోజు షాపులో టీవీ పెట్టుకుని కూర్చున్నాను. 140కి ఆలౌటయ్యాక షట్టర్ దించి ఇంటికి వెళ్లిపోయాను. అన్నం తినబుద్ధి కాలేదు. మా అమ్మ "వాళ్లకి లేని బాధ నీకెందుకురా" అని తిట్టింది. ఇక క్రికెట్ చూడనని ఒట్టు పెట్టుకున్నాను. మంచి పనే చేశానా?
(గుణుపురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బాబూ, అన్నం మానేయడం మాత్రం మంచి పని కాదు. మిగతాది మాట్లాడుకుందాం.

ఒక్క మ్యాచ్ ఓడినందుకు ఎవరూ షట్టర్ దించరు. నీ కోపం ఏడాదిగా లోపల పేరుకున్నది. 2012లో ఇంగ్లండ్ చేతిలో ఓడాక, 2013 నుంచి మన గడ్డ మీద వరసగా 18 టెస్టు సిరీస్‌లు గెలిచాం. నీ వయసువాళ్లకు ఇంట్లో ఓడడమంటే ఏమిటో తెలియకుండానే మీసాలొచ్చాయి. అలాంటిది 2024 అక్టోబరులో న్యూజిలాండ్ వచ్చి బెంగళూరులో మనల్ని 46కే చుట్టేసింది. పుణె, ముంబై కూడా తీసుకుని 3-0తో వెళ్లిపోయింది. అంతకుముందు వాళ్లు ఈ దేశంలో ఒక్క టెస్టు సిరీస్ కూడా గెలవలేదు. ఆ వెంటనే ఆస్ట్రేలియాలో 3-1తో ఓడాం. ఇప్పుడు దక్షిణాఫ్రికా 25 ఏళ్ల తర్వాత మన దగ్గర సిరీస్ గెలిచింది. వెస్టిండీస్ మీద గెలిచిన రెండూ కలుపుకున్నా, 2024 అక్టోబరు నుంచి స్వదేశంలో ఆడిన 7 టెస్టుల్లో 5 ఓడాం. గువాహటిలో ఓడింది 408 పరుగుల తేడాతో. పరుగుల లెక్కన మన చరిత్రలో ఇంతకంటే పెద్ద ఓటమి లేదు. మా చిన్నప్పుడు మన జట్టుని "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని దెప్పేవారు. ఆ మాటకి అప్పట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ ఇంట్లో పులి కూడా పోయింది.

నన్ను గువాహటి కంటే, అంతకు ముందు కోల్‌కతాలో ఆడిన మొదటి టెస్టు ఎక్కువ బాధపెట్టింది. గెలవడానికి కావలసింది 124. ఆదివారం పూట, ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. జైస్వాల్ సున్నా, రాహుల్ 1. మెడ పట్టేసిన గిల్ బ్యాటింగుకి రాలేని స్థితి. అక్షర్ రెండు సిక్సర్లు కొట్టి ఆశ పుట్టించి, అదే ఓవర్లో మళ్లీ గాల్లోకి లేపాడు. 93కి అయిపోయింది. 30 పరుగులు. నెమ్మదిగా, ఒక్కొక్కటి తీసుకునేవాడు ఒక్కడుంటే చాలు. అవతల దక్షిణాఫ్రికా కెప్టెన్ బవూమా ముందు రోజు సాయంత్రం నుంచి నిలబడి 55 నాటౌట్ చేశాడు. మొత్తం మ్యాచ్‌లో ఎవరైనా చేసిన అర్ధ సెంచరీ అదొక్కటే.

ఇక మీ అమ్మగారి మాట. వాళ్లకి బాధ లేదని నేననుకోను. మొన్న జులైలో ఇంగ్లండ్ మీద లార్డ్స్‌లో జడేజా ఒక వైపు నిలబడి ఉంటే, చివరివాడిగా వచ్చిన మన హైదరాబాద్ సిరాజ్ 30 బంతులు ఆడాడు. బషీర్ వేసిన బంతిని బ్యాటు మధ్యలోనే ఆపాడు. అది కింద పడి, వెనక్కి దొర్లి, స్టంపుని మెల్లగా తాకింది. 22 పరుగులతో ఓడాం. ఆ పిల్లవాడు పిచ్ మీదే కూలబడిపోయిన తీరు చూసినవాళ్లెవరూ వాళ్లకి బాధ లేదనరు. అదే సిరాజ్ మూడు వారాల తర్వాత ఓవల్‌లో ఆఖరి వికెట్ తీసి 6 పరుగులతో గెలిపించాడు. అమ్మకి ఈ సంగతి చెప్పు.

చూడడం మానేయాలా అంటావా? నేనూ ఒకసారి మానేశాను. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ బయటపడినప్పుడు. అది ఓటమి కాదు, మోసం. స్కూల్లో పిల్లలకి బ్యాటు పట్టుకోవడం నేర్పిస్తుంటే నా నోట మాట వచ్చేది కాదు. పేపర్లో ఆటల పేజీ మడిచి పక్కన పెట్టేసేవాణ్ణి. దాదాపు ఏడాది అలాగే గడిచింది. 2001 మార్చిలో ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు రేడియో పెట్టారు. కోల్‌కతా ఈడెన్‌లో ఆస్ట్రేలియా మీద బాగా వెనకబడి, ఫాలోఆన్ అంటే వెంటనే రెండో ఇన్నింగ్స్ ఆడుతున్నాం. లక్ష్మణ్, ద్రావిడ్ క్రీజులో ఉన్నారు. మొదటి పీరియడ్ బెల్లు కొట్టారు, ఔట్ కాలేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టారు, ఔట్ కాలేదు. సాయంత్రం లాంగ్ బెల్లు కొట్టి పిల్లలంతా వెళ్లిపోయినా టీచర్లు కదల్లేదు. రోజంతా ఒక్క వికెట్ పడలేదు. చివరికి లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. ఆ రోజు నేను మళ్లీ వచ్చేశాను. గెలిచారని కాదు, గెలుపు మర్నాటి సంగతి. ఇద్దరు మనుషులు రోజంతా నిలబడ్డారని.

నువ్వు కూడా ఒట్టు తీసి గట్టున పెట్టు బాబూ. షాపు మాత్రం మూయకు.

ప్రశ్న: తిరిగే పిచ్‌లు చేయించి, మనం తీసిన గోతిలో మనమే పడుతున్నాం కదా మాస్టారూ. తప్పు పిచ్‌దా, బ్యాటర్లదా?
(రాయగడ నుంచి పేపర్ మిల్లు ఉద్యోగి)

జవాబు: రెండూ ఉన్నాయి. కానీ సమంగా లేవు.

ముందు పిచ్ చూద్దాం. మన వైపు రైతులకి ఇది కొత్త కాదు. కోతలయ్యాక మడి ఎండితే నెర్రెలిస్తుంది కదా. టెస్టు పిచ్ కూడా మట్టే. ఆటకి కొన్ని రోజుల ముందే నీళ్లు పట్టడం ఆపేసి, గడ్డి గీసేస్తే పై పొర పట్టు తప్పుతుంది. నాలుగో రోజు తిరగాల్సిన బంతి మొదటి రోజు మధ్యాహ్నానికే తిరుగుతుంది. ఒకటి చీలమండ దగ్గర జారిపోతే, అక్కడే పడిన మరొకటి భుజం మీదకి లేస్తుంది. అలాంటి చోట గొప్ప స్పిన్నర్‌కీ, మామూలు స్పిన్నర్‌కీ తేడా తగ్గిపోతుంది. బంతి ఒకే చోట వేస్తూ ఉంటే చాలు, మిగతా పని మట్టే చూసుకుంటుంది. అంటే మన బలాన్ని మనమే తగ్గించుకున్నట్టు. పుణెలో న్యూజిలాండ్ శాంట్నర్ 13 వికెట్లు తీశాడు, ముంబైలో వాళ్ల ఎజాజ్ పటేల్ 11, కోల్‌కతాలో దక్షిణాఫ్రికా హార్మర్ 8. కోల్‌కతా పిచ్ తాము అడిగిన పిచ్చేనని మన కోచ్ గంభీర్ మ్యాచ్ తర్వాత స్వయంగా చెప్పాడు. కనుక పిచ్ తయారుచేసిన క్యూరేటర్ని అనడానికి లేదు.

కానీ గువాహటి పిచ్ అలాంటిది కాదు. దక్షిణాఫ్రికా దాని మీద 489 కొట్టింది. ఏడో నంబరులో వచ్చిన ముత్తుసామి సెంచరీ, తొమ్మిదో నంబరు యాన్సెన్ 93. అదే పిచ్ మీద మనవాళ్లు ఒక వికెట్‌కి 95 నుంచి ఏడు వికెట్లకి 122కి వచ్చారు. కెప్టెన్‌గా ఉన్న పంత్ యాన్సెన్‌కి ముందుకు దూసుకొచ్చి బ్యాటు ఊపి కీపర్‌కి క్యాచ్ ఇచ్చాడు. ఆ ఇన్నింగ్స్‌లో మనవాళ్లందరిలో ఎక్కువ బంతులు ఆడిందెవరో తెలుసా? కుల్దీప్ యాదవ్. బౌలరు. 134 బంతులాడి 19 పరుగులు చేశాడు. అందులో ప్రత్యేకమైన విద్య ఏమీ లేదు. కాలు ముందుకు వేశాడు, లేదంటే వెనక్కి వేశాడు, బంతి కాళ్ల దగ్గర పడేశాడు. అదే పని చేయడానికి పైన ఉన్నవాళ్లకి ఓపిక లేకపోయింది.

ఆ ఓపిక ఎక్కడ పోయిందో నేను మా ఊళ్లోనే చూశాను. పోయిన ఆదివారం కాలేజీ గ్రౌండులో టెన్నిస్ బంతి టోర్నమెంటుకి అంపైరుగా నిలబడ్డాను. 8 ఓవర్ల మ్యాచ్. పాతపట్నం జట్టుకీ, మా ఊరి జట్టుకీ. మా జట్టులో ఒక సన్నటి కుర్రాడు, పదిహేనేళ్లుంటాయేమో, మూడో ఓవర్లో బ్యాటింగుకి వచ్చాడు. వేస్తున్నది ఆఫ్ స్పిన్. మొదటి బంతికి కుర్రాడు ఎడమ కాలు బంతి దగ్గరి దాకా వేసి, తల వంచి, బ్యాటు మోకాలి పక్కనే పెట్టాడు. టెన్నిస్ బంతి ఊరికే ఎగురుతుంది, దాన్ని చంపడం తోలు బంతి కంటే కష్టం. అది వాడి బొటనవేలి ముందే ఆగిపోయింది. రెండోది కూడా అంతే. నేను వికెట్ల వెనక నిలబడి ఆ కాలినే చూస్తున్నాను. అలా కాలు వేయడం నేర్పించడానికి నాకు ఒక్కొక్క పిల్లాడికి రెండేళ్లు పట్టేది. వీడికి ఎవరు నేర్పారో అనుకుంటూ ఉన్నాను. మూడో బంతి కూడా ఆపాడు.

బౌండరీ దగ్గర నుంచి వాడి జట్టువాళ్లే అరిచారు: "ఏట్రా, టెస్టు ఆడతన్నావా? కొట్టు, లేకపోతే ఔటయి వచ్చీ!" అరిచినవాళ్లలో ఒకడు నా దగ్గర చదువుకున్నవాడే. నాలుగో బంతికి కుర్రాడు తల పైకెత్తి అడ్డంగా ఊపాడు. మిడిల్ స్టంపు పడిపోయింది. తిరిగి వెళ్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. మూడు బంతులు చక్కగా ఆపినప్పుడు తిట్టినవాళ్లే, బౌల్డయి వస్తుంటే కొట్టడానికి చూశాడని మెచ్చుకున్నారు.

ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. మన వీధిలో "టెస్టు ఆడుతున్నావా" అనేది తిట్టయి ఎన్నేళ్లయిందో ఆలోచించండి. ఆ తిట్టు తింటూ పెరిగిన పిల్లలే పైదాకా వెళ్తారు. పైన కూడా అదే గాలి. ఐపీఎల్‌కి ఏటా రెండు నెలలు ఎవరూ ముట్టుకోకూడదు. రాష్ట్రాల జట్లు ఆడే నాలుగు రోజుల రంజీ మ్యాచ్‌లని మాత్రం రెండు ముక్కలు చేసి, మధ్యలో పొట్టి టోర్నీలు పెట్టారు. పెద్ద ఆటగాళ్లు రంజీ ఆడాలని బోర్డు గట్టిగా చెప్పడానికి ఆస్ట్రేలియాలో ఓడిపోవలసి వచ్చింది. 2025 జనవరిలో కోహ్లీ ఢిల్లీ తరఫున దిగితే 6 పరుగులకి బౌల్డయ్యాడు. ఒక్క మ్యాచ్‌తో పాత అలవాటు రాదు. మా పిల్లలకి రాదు, వాళ్లకీ రాదు.

నాకు ఈ మధ్య తరచూ గుర్తొచ్చేది కాకినాడలో పుట్టిన హనుమ విహారి. 2021 జనవరి 11, సిడ్నీ. తొడ కండరం పట్టేసింది, పరుగెత్తలేడు. 161 బంతులాడి 23 నాటౌట్. అవతల వెన్నునొప్పితో అశ్విన్ 128 బంతులు. మ్యాచ్ నిలబెట్టారు. ఆ రోజు మా వీధిలో ఎవరూ వాణ్ణి కొట్టమని అరవలేదు. అది చూడడం మనకి వచ్చు. మరిచిపోయామంతే.

ప్రశ్న: గంభీర్‌ని తీసేస్తే బాగుపడుతుందా? ఒక్క ముక్కలో చెప్పండి.
(బరంపురం నుంచి బట్టల షాపు యజమాని)

జవాబు: ఒక్క ముక్కలో కుదరదు గానీ, పొట్టిగానే చెబుతాను. టెస్టులకి వేరే కోచ్ ఉండాలని నా అభిప్రాయం. ఈయన హయాంలో 2025లో చాంపియన్స్ ట్రోఫీ, ఆసియా కప్ వచ్చాయి, కాదనను. టెస్టులు వేరే పని. కోల్‌కతాలో వాషింగ్టన్ సుందర్‌ని మూడో నంబరులో పంపారు. రెండు ఇన్నింగ్స్‌లోనూ వాడే కాస్త నిలబడ్డాడు. గువాహటిలో వాణ్ణే ఎనిమిదికి దించారు. వారం తిరక్కుండా మూడు నుంచి ఎనిమిది! బట్టల షాపులో కౌంటర్ మీద కుదురుకున్న కుర్రాణ్ణి వారానికి గోడౌన్‌లోకి మారిస్తే వాడికి ఏ పని వస్తుందో మీకే బాగా తెలుసు. అయితే కోచ్‌ని మార్చినంత మాత్రాన డిఫెన్స్ రాదు. అది పై ఉత్తరంలోనే రాశాను.

ప్రశ్న: నితీశ్ కుమార్ రెడ్డి గువాహటిలో 10, 0 చేశాడు. తెలుగువాడు కదా అని మనం వెనకేసుకురావాలా?
(జయపురం నుంచి డిగ్రీ విద్యార్థి)

జవాబు: వెనకేసుకురావద్దు, వదిలేయనూ వద్దు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆ విశాఖ కుర్రాడు 90ల్లో ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. సిరాజ్ వచ్చి కమిన్స్‌వి మూడు బంతులు ఆపాడు. ఆ మూడు బంతులకీ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తర్వాత నితీశ్ ఫోర్ కొట్టి వంద చేశాడు. గ్యాలరీలో వాళ్ల నాన్న ఏడ్చేశారు, ఇక్కడ మేమూ ఏడ్చాం. 114. అప్పుడు మనవాడని ఏడ్చినవాళ్లం ఇప్పుడు మనవాడని నిలదీయవచ్చు. నిలదీయడమంటే బూతులు తిట్టడం కాదు, ఆట గురించి అడగడం. ఎక్కువ బౌలింగ్ ఇవ్వకుండా, ఒక స్థానమంటూ చూపించకుండా ఒకరోజు లోపల, మరోరోజు బయట కూర్చోబెడితే 22 ఏళ్లవాడు ఎలా కుదురుకుంటాడని సెలెక్టర్లని కూడా అడగాలి. ఆ కమిటీలో ఇప్పుడు ప్రజ్ఞాన్ ఓఝా ఉన్నాడు. ఒడిశాలో పుట్టి, హైదరాబాద్‌కి ఆడి, 24 టెస్టుల్లో 113 వికెట్లు తీసినవాడు. రెండు రాష్ట్రాల మధ్య ఉన్న మనలాంటివాళ్లం ఇద్దరినీ మనవాళ్లే అనుకుంటాం. కాబట్టి అడిగే హక్కు రెండింతలు.

ప్రశ్న: టికెట్టు కొనుక్కుని వెళ్లినవాడు గేలి చేస్తే, ఏదైనా విసిరితే తప్పేముంది? అంత డబ్బు తీసుకుంటున్నారు, ఆ మాత్రం పడాలి.
(రాయగడ నుంచి, పేరు వద్దన్నారు)

జవాబు: గేలి చేయండి. విసరడం గురించి మాత్రం నేను కళ్లారా చూసింది చెబుతాను.

2015 అక్టోబరు 5. కటక్ బారాబతి స్టేడియంలో దక్షిణాఫ్రికాతో టీ20. మా మేనల్లుడికి అప్పుడు తొమ్మిదేళ్లు. పలాసలో రైలెక్కి తీసుకెళ్లాను. వాడికి అదే మొదటి మ్యాచ్. బుగ్గల మీద మూడు రంగులు పూయించుకున్నాడు. మనవాళ్లు 92కి ఆలౌటయ్యారు. మొదట జనం అరిచారు. తర్వాత పై వరసల్లోంచి ఒక నీళ్ల సీసా ఎగిరి మైదానంలో పడింది. వెంటనే పది పడ్డాయి, తర్వాత లెక్క తెలియలేదు. దక్షిణాఫ్రికా బ్యాటింగ్ చేస్తుంటే కూడా ఆగలేదు. ఆట రెండుసార్లు ఆపేశారు. బౌండరీ దగ్గర నిలబడిన మన ఫీల్డర్లే మధ్యలోకి పోయి గుమిగూడారు. మా ముందు వరసలో ఒకాయన, నా వయసువాడే, చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, సీసాలో ఉన్న నీళ్లు తాగేసి మూత బిగించి మరీ విసిరాడు.

అప్పుడు మావాడు నా చొక్కా లాగి అడిగాడు: "మామయ్యా, నేనూ విసరనా?"

వాడి చేతిలో సగం నిండిన సీసా ఉంది. మొహంలో కోపం లేదు. అందరూ చేస్తున్నారు, ఇదీ ఆటలో భాగమేమో అనుకుని అడిగాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను. అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు, వేళ్ల గుర్తులు పడ్డాయి. మ్యాచ్ అయ్యేదాకా ఆ చేయి వదల్లేదు. తెల్లవారి రైల్లో కిటికీ దగ్గర కూర్చుని "వాళ్లకి తగిలితే రక్తం వస్తుంది కదా మామయ్యా" అన్నాడు. బరంపురం దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మీరు కొన్న టికెట్టు ఆ సీసాకి కాదండీ. అరవండి, లేచి వెళ్లిపోండి, పత్రికలకి రాయండి, బోర్డుని అడగండి. పక్క సీటులో ఎవరి పిల్లాడో ఉంటాడు.

ప్రశ్న: మాస్టారూ, నాకు 78 ఏళ్లు. మా రోజుల్లో ఇంత అధ్వానంగా ఉండేది కాదు.
(పర్లాకిమిడి నుంచి రిటైర్డ్ రైల్వే ఉద్యోగి)

జవాబు: మీరు పెద్దవారు, మీ మాటకి ఎదురు చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ 1974 మీకు గుర్తుండే ఉంటుంది. లార్డ్స్‌లో 42 ఆలౌట్. ఇన్నింగ్స్ 285 పరుగులతో ఓడాం, సిరీస్ 3-0. నాకప్పుడు పదకొండేళ్లు. మా నాన్నగారు రేడియో కట్టేసి అరుగు మీద కూర్చున్న దృశ్యం నా కళ్ల ముందుంది. ఇంకా వెనక్కి వెళ్తే 1936. మన పక్కనే ఉన్న విజయనగరం రాజకుమారుడు, విజ్జీ అనేవారు, ఇంగ్లండ్‌కి కెప్టెన్‌గా వెళ్లారు. ఆయన ఆడిన మూడు టెస్టుల్లో చేసింది మొత్తం 33 పరుగులు. జట్టులో మంచి ఆటగాడైన లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపేశారు. సిరీస్ పోయింది. అప్పుడు డబ్బు, హోదా ఉన్నవాడికి కెప్టెన్సీ ఇచ్చారు, ఇప్పుడు రెండు నెలల టోర్నీలో సిక్సర్లు కొట్టినవాడికి టెస్టు టోపీ ఇస్తున్నారు. ఆటకి కావలసింది చూసి ఎంచుకోకపోవడం అప్పుడూ ఉంది. మీకూ నాకూ అది కొత్త బాధ కాదు.

ప్రశ్న: సార్, అందరూ మగవాళ్ల జట్టు ఓడిందని ఏడుస్తున్నారు. అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచి నెల కూడా కాకుండానే మరిచిపోయారు. మీరైనా రాయండి.
(బరంపురం నుంచి ఇంటర్ చదివే అమ్మాయి)

జవాబు: రాస్తానమ్మా. నువ్వు అడగకపోయినా రాయవలసింది.

అక్టోబరు 12 ఆదివారం నేను, మా మనవరాలు విశాఖ మధురవాడ స్టేడియంలో ఉన్నాం. మూడు రోజుల ముందు అక్కడే మన అమ్మాయిలు దక్షిణాఫ్రికా చేతిలో ఓడారు. ఈసారి ఆస్ట్రేలియా. మనవాళ్లు 330 కొట్టారు. మహిళల వన్డేల్లో అంత లక్ష్యం అప్పటిదాకా ఎవరూ ఛేదించలేదు. హీలీ 142 కొట్టి ఛేదించేసింది. మన కడప అమ్మాయి శ్రీచరణి మూడు వికెట్లు తీసినా చాల్లేదు. తర్వాత ఇండోర్‌లో ఇంగ్లండ్ చేతిలో, గెలిచే మ్యాచ్ 4 పరుగులతో పోయింది. వరసగా మూడు. ఆ రాత్రి నాకు వచ్చిన మెసేజ్‌ల్లో అమ్మాయిలని అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఇంగ్లండ్ మ్యాచ్‌కి జెమీమాని జట్టులోంచి తప్పించారు. తర్వాతి మ్యాచ్‌కి తిరిగి తీసుకున్నారు. సెమీస్‌లో అదే ఆస్ట్రేలియా 339 లక్ష్యం పెట్టింది. జెమీమా 127 నాటౌట్, ఇంకా తొమ్మిది బంతులుండగా అయిపోయింది. విశాఖలో మన మీద కొట్టిన రికార్డుని మనవాళ్లు వాళ్ల మీదే దాటారు. నేను మళ్లీ మళ్లీ చూసింది ఆమె కొట్టిన ఫోర్లు కాదు. చాలా సేపు ఖాళీల్లోకి నెట్టి ఒక్కొక్క పరుగు తీసింది. అలసిపోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మళ్లీ పరుగెత్తింది. నవంబరు 2న ఫైనల్లో దీప్తి శర్మ 58 పరుగులు, 5 వికెట్లు. కప్పు వచ్చింది.

జాతీయ జట్టు అంటే రెండున్నాయి. ఒకటి పడితే దేశమంతా పడినట్టు, ఇంకొకటి లేస్తే ఆడపిల్లల సంగతి అన్నట్టు చూడడం నాకూ నచ్చలేదు. మీ కాలేజీలో అమ్మాయిలకి నెట్స్ ఉన్నాయో లేదో రాయి. లేకపోతే ప్రిన్సిపాల్ గారికి ఇవ్వడానికి అర్జీ నేనే రాసి పంపుతాను.

ప్రశ్న: మాస్టారూ, నాకు 13 ఏళ్లు. ఎడమ చేతి బ్యాటర్‌ని. ఫాస్ట్ బౌలింగ్ బాగానే ఆడతాను. స్పిన్ వేస్తే ఔటైపోతున్నాను. ఏం చేయాలి?
(కాశీనగరం నుంచి ఎనిమిదో తరగతి విద్యార్థి)

జవాబు: నాన్నా, ఈ నెల నాకు అన్నిటికంటే నచ్చిన ఉత్తరం నీదే.

పాత మేజోడులో బంతి వేసి, నోరు ముడేసి, పెరట్లో మామిడి కొమ్మకి తాడుతో కట్టు. బంతి నీ మోకాలి ఎత్తులో వేలాడాలి. ముందు పై చేయి ఒక్కదానితోనే బ్యాటు పట్టుకుని ఆడు. నీకు అది కుడి చేయి. రోజూ వంద సార్లు. వారం తర్వాత రెండో చేయి కలుపు, కానీ కింది చేతి పట్టు బొటనవేలూ, చూపుడువేలూ అంతే. అరచేయి మొత్తం బిగిస్తే బంతి గాల్లోకి లేస్తుంది, దగ్గర నిలబడినవాడు పట్టేస్తాడు. సరిగ్గా ఆడితే మేజోడు పెద్దగా ఊగదు, వెంటనే కొమ్మ కింద నిలబడిపోతుంది. అది గుర్తు.

తర్వాత కాళ్లు. స్పిన్‌కి ఔటయ్యేవాడు ఎప్పుడూ మధ్యలో ఉంటాడు, ముందుకీ వెళ్లడు, వెనక్కీ వెళ్లడు. నువ్వు ముందుకు వెళ్తే బంతి పడిన చోటి దాకా వెళ్లు, వెనక్కి వెళ్తే స్టంపులకి అడుగు దూరం దాకా వెళ్లు. బంతి బౌలర్ చేతిలో ఉండగానే చూడడం మొదలుపెట్టు, వేళ్లు ఎటు తిరుగుతున్నాయో కనబడుతుంది. బంతి నీ కళ్ల కిందికి వచ్చేదాకా బ్యాటు కదపకు. తొందరపడి ముందుకి తోశావా, అంచు తగిలినట్టే.

మీ జట్టువాళ్లు "టెస్టు ఆడతన్నావా" అంటారు. అననీ.

ఆదివారం పొద్దున్న ఆరింటికి మా కాలేజీ గ్రౌండుకి రా. మీ నాన్నగారిని కూడా తీసుకురా. ఆ మొన్నటి సన్నటి కుర్రాణ్ణి కూడా రమ్మన్నాను, వాడు నీకు ఆఫ్ స్పిన్ వేస్తాడు. నా దగ్గర తోలు బంతులు రెండున్నాయి. ప్యాడ్లు పాతవి, నీ కాళ్లకి పెద్దవవుతాయి. పట్టీ చాలకపోతే తాడుతో బిగించి కడతాను.